షవర్ గోడను సాయంత్రానికే మూసేస్తామనే వాళ్లతో జాగ్రత్త

షవర్ గోడ వెనక పైపు లీకైతే "మెటీరియల్, లేబర్ అంతా మాదే, సాయంత్రానికి టైల్స్ కూడా అంటించి ఇచ్చేస్తాం" అనే వాళ్లు దొరుకుతారు. వినడానికి హాయిగా ఉంటుంది. నేను ఆ మాటకే పడిపోయి ఒకే గోడను రెండుసార్లు పగలగొట్టించుకున్నాను.

మొదట బెడ్‌రూమ్ వైపు గోడ మీద అరచేయంత చెమ్మ కనిపించింది. పెయింట్ బుడగలా లేచింది, వేలు పెడితే పెచ్చు ఊడొచ్చింది. టైల్స్ సందుల్లోంచి నీళ్లు దిగుతున్నాయేమోనని వాటర్‌ప్రూఫ్ డబ్బా కొని సందులన్నీ నింపాను. ఆ డబ్బు దండగ. మేం వారం రోజులు ఊళ్లో లేకపోయినా చెమ్మ పెరిగిందంటే అది స్నానం నీళ్లు కాదు, ఎప్పుడూ ప్రెషర్ ఉండే పైపుదే. నాకే ఆలస్యంగా వెలిగింది. గీజర్‌కి వెళ్లే వాల్వు కట్టేసి చూస్తే చెమ్మ పెరగడం ఆగింది. అంటే వేడినీళ్ల లైను.

వచ్చినతను నాలుగు టైల్స్ కొట్టాడు. పైపు మలుపు తిరిగే చోట వేసే ఎల్బో ముక్క దగ్గర సన్నటి చీలిక. ఆ ముక్క కోసేసి కొత్తది పెట్టాడు. "ఇది అన్ని పైపులకీ పనికొచ్చే గమ్ము మేడమ్" అన్నాడు. పది నిమిషాలు ట్యాపు తిప్పి చూపించాడు, చుక్క కారలేదు. సిమెంటు, టైల్స్ అన్నీ ఆ రోజే అయిపోయాయి, డబ్బూ మొత్తం ఇచ్చేశాను. మూడో వారంలో చెమ్మ మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకాస్త కిందకి.

రెండో ప్లంబర్ గోడ తెరిచి పట్టుకుని కదిపితే ఎల్బో చేతిలోకి వచ్చేసింది! పైపు దాని లోపలికి సగమే దిగింది. హ్యాక్సాతో కోసిన అంచు వంకరగా ఉంది, పీచులు కూడా గీకలేదు. గమ్ము ఒక పక్క ముద్ద కట్టింది, ఇంకో పక్క అసలు అంటలేదు. అన్నిటికంటే నాకు మండింది ఎల్బో మీది అక్షరాలు చదివాక. అది యూపీవీసీ, అంటే చన్నీళ్లకి వాడేది. మా పైపేమో సీపీవీసీ, వేడినీళ్లకి వాడేది. సీపీవీసీ 93 డిగ్రీల వరకూ తట్టుకుంటుంది, యూపీవీసీ 60 దగ్గరే మెత్తబడి ప్రెషర్‌కి సాగిపోతుంది. రెండిటికీ గమ్ము కూడా వేరే. అసలు అది ఫెవికాల్‌లా అతికించేది కాదట, రెండు ప్లాస్టిక్‌ల పైపొరల్నీ కరిగించి ఒకటి చేసేదట. అందుకే లీకయ్యే జాయింటు మీద పైనుంచి ఎంత పూసినా, ఎంసీల్ ముద్దలు పెట్టినా లాభం లేదు. కోసి కొత్త ముక్క వేయాల్సిందే.

ఇతను పని చేస్తుంటే పక్కనే నిలబడ్డాను. ముందు లైనులో నీళ్లన్నీ దింపి, పైపు లోపల గుడ్డతో తుడిచాడు, తడి ఉంటే పట్టదని. నిటారుగా కోసి, అంచు గీకి, ఎల్బో ఎంత లోతుందో పైపు మీద పెన్సిల్‌తో గీత పెట్టుకున్నాడు. రెండిటికీ గమ్ము రాసి, తోస్తూనే పావు చుట్టు తిప్పి, అర నిమిషం అలాగే నొక్కి పట్టుకున్నాడు. వదిలేస్తే పైపు వెనక్కి తన్నుకొస్తుందట. నా పాత జాయింటుకి జరిగింది అదే అయ్యుంటుంది. షవర్ బిగించే చోట లోపల ఇత్తడి మర ఉన్న ఫిట్టింగే తెప్పించాడు. ప్లాస్టిక్ మరని గట్టిగా బిగిస్తే అక్కడే చీలుతుంది.

రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్న గీజర్ వాల్వు కట్టేసి, పాయింట్లకి ప్లగ్గులు పెట్టి, చేతిపంపుతో ప్రెషర్ ఎక్కించాడు. గంట సేపు గేజ్ ముల్లు కదల్లేదు. ఈ టెస్ట్ మీ కళ్లముందు జరగకుండా గోడ మూయనివ్వకండి, మిగతా డబ్బు కూడా ఇవ్వకండి. ఫిట్టింగులు, గమ్ము మీరే కొనండి, కనీసం వాటి మీది అక్షరాలు చదవండి.

మొదటతనికి ఫోన్ చేస్తే "టైల్స్‌కి గ్యారంటీ ఉండదు మేడమ్" అన్నాడు. నేను అడిగింది పైపు గురించి. బిల్లు మీద "బాత్‌రూమ్ పని" అని తప్ప ఏం వేశాడో రాసి లేదు, గట్టిగా అడగడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

ఇంకోటి, గోడ కొట్టే ముందు అవతలి గది వైపు నుంచి తెరవడం కుదురుతుందేమో చూడండి. పూత మళ్లీ పూయొచ్చు కానీ పాత టైల్ షేడ్ దొరకదు. మా షవర్ కింద ఇప్పుడు నాలుగు టైల్స్ వేరే రంగులో ఉన్నాయి. చూసిన వాళ్లకి డిజైన్ అని చెబుతున్నాం.