బ్లూగ్రాస్ బ్యాండు వాళ్ల పక్కన కూర్చుని వినాలంటే: ఫ్లాయిడ్, గేలాక్స్, హిల్టన్స్

బ్లూగ్రాస్ అంటే బాంజో, ఫిడేలు లాంటి తీగ వాద్యాలతో వాయించే అమెరికా కొండ ప్రాంతాల సంగీతం. అది వినాలంటే టెనెసీలోని నాష్‌విల్ వెళ్లాలని అందరూ అంటారు. వెళ్లొచ్చు, హాళ్లు బాగుంటాయి. కాకపోతే అక్కడ వాయించేవాళ్లు స్టేజి మీద, మనం ఎక్కడో వెనక వరసలో. అదే నైరుతి వర్జీనియా కొండల్లోకి వెళ్తే బ్యాండు వాళ్లు మన పక్క కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ కనిపిస్తారు. అక్కడి సంగీతం ఊళ్లన్నిటినీ కలుపుతూ దాదాపు 330 మైళ్ల మేర ‘క్రుకెడ్ రోడ్’ అని ఒక మార్గం పెట్టారు. షార్లెట్, డీసీ వైపు మనవాళ్లు శరదృతువులో ఆకుల రంగులు చూడటానికి కొండల మీదుగా సాగే బ్లూ రిడ్జ్ పార్క్‌వే రోడ్డు మీదకి వెళ్తుంటారు కదా, ఫ్లాయిడ్, గేలాక్స్ లాంటి ఊళ్లు దానికి దగ్గర్లోనే ఉన్నాయి. ఆగేవాళ్లే తక్కువ.

నన్నడిగితే ముందు ఫ్లాయిడ్. కౌంటీ మొత్తానికి ఒక్కటే ట్రాఫిక్ లైటు. దానికి కాస్త దూరంలో ఫ్లాయిడ్ కంట్రీ స్టోర్. ముందు భాగంలో బట్టలు, మిఠాయిలు అమ్ముతారు, లోపల స్టేజి, డాన్స్ ఫ్లోరు. శుక్రవారం సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో భక్తి పాటలతో మొదలుపెట్టి, తర్వాత డాన్స్ బ్యాండ్లకి వదిలేస్తారు. అంతే, కుర్చీల్లో ఉన్న పెద్దవాళ్లు సగం మంది లేచి, చెక్క నేల మీద టకటకా అడుగులు వేయడం మొదలు.

మేం విన్న బ్యాండులో ఐదుగురు. ఎవరికీ ఇది బతుకుతెరువు కాదు. బాంజో ఆయన పగలు ఏసీలు, హీటర్లు బాగుచేస్తాడు. గిటార్ వాయించి పాడే ఆయనకి క్రిస్మస్ చెట్ల తోట ఉంది, బేస్ వాయించేది ఆయన భార్యే. మాండొలిన్ రిటైరైన మాస్టారు. ఫిడేలు మాత్రం హైస్కూలు పిల్ల. పాట మధ్యలో తన వంతు రాగానే మిగతా నలుగురూ వాద్యాల జోరు తగ్గించి ఆ పిల్ల వైపే చూశారు. అయిపోగానే తను వెనక్కి జరిగింది, బాంజో ముందుకొచ్చింది. అందరికీ కలిపి మైకు ఒక్కటే. ఎవరు ఎప్పుడు ముందుకు రావాలో, ఎవరు పక్కకి తప్పుకోవాలో సైగలైనా లేకుండా జరిగిపోతుంటుంది. పాట కంటే నేను అదే ఎక్కువ చూశాను.

డ్రమ్స్ ఉండవు. బేస్ ఒక దెబ్బ వేస్తే ఎదురు దెబ్బ మీద మాండొలిన్ ‘చక్’ అని కొడుతుంది, తాళం మోసేది ఆ రెండే. కెంటకీకి చెందిన బిల్ మన్రో ‘బ్లూ గ్రాస్ బాయ్స్’ అని బ్యాండు పెట్టి 1939లో నాష్‌విల్ రేడియో సంగీత కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఓప్రీలో చేరాడు. 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్ల బాంజోతో అందులోకి వచ్చాక ఈ సంగీతానికి ఇప్పుడున్న రూపం వచ్చింది. సంప్రదాయ బ్లూగ్రాస్ అని చెప్పుకునేవాళ్లు ఈనాటికీ ఆ ఐదు వాద్యాల దగ్గరే ఉంటారు.

విరామంలో బాంజో ఆయన వాద్యాన్ని దగ్గరగా చూపించాడు. బొటనవేలికి ప్లాస్టిక్ తొడుగు, పక్క రెండు వేళ్లకి లోహపు తొడుగులు. ఉంగరపు వేలు, చిటికెన వేలు బాంజో ముఖం మీది తెల్లటి పొరకి ఆనించి ఉంచుతాడు, అవి రాసుకుని రాసుకుని అక్కడ నల్లటి మచ్చ పడింది. ఐదో తీగ పొట్టిది, కాండం మధ్యలోంచే బయల్దేరుతుంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల వాద్యం ఇది, తర్వాత కొండల్లో తెల్లవాళ్ల చేతికి వచ్చింది. ఆ సంగతి ఆయనే ముందుగా చెప్పాడు. మాస్టారితో మా పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ గురించి చెప్పాను. ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద, అదీ ఐదు తీగలతో, కర్ణాటక సంగీతమా అని ఆశ్చర్యపోయి, పేరు ఫోన్లో రాసుకున్నాడు.

బస విషయానికొస్తే, ఫ్లాయిడ్‌లో స్టోర్‌కి నడిచి వెళ్లగలిగే దూరంలో హోటల్ ఫ్లాయిడ్ ఉంది. మాకు గది దొరకలేదు, శుక్రవారాలకి ముందే బుక్ చేసుకోవాలి. దాంతో గంట దూరంలో గేలాక్స్ వైపు ఒక మోటెల్‌లో దిగాం. దుప్పట్లలో సిగరెట్ వాసన, వేణ్ణీళ్లు రావడానికి పావుగంట. గది మార్చమంటే మార్చారు గానీ అదీ అంతే. తక్కువ ధర చూసి ఆశపడకండి.

గేలాక్స్‌కి దగ్గర్లో పార్క్‌వే 213వ మైలురాయి దగ్గర బ్లూ రిడ్జ్ మ్యూజిక్ సెంటర్ ఉంది. సీజన్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగింటి దాకా స్థానికులు ఉచితంగా వాయిస్తారు. చాలావరకు ‘ఓల్డ్ టైమ్’ సంగీతం, అంటే ఒక్కొక్కరూ వంతులవారీగా కాకుండా అందరూ కలిసి వాయిస్తారు. బ్లూగ్రాస్‌కి తల్లివేరు అదే. బాగుంటుంది గానీ ఊపు తక్కువ, మా పిల్లలు అరగంటకే బయటికి పోయారు. ఆగస్టులో గేలాక్స్‌లో 1935 నుంచి జరుగుతున్న ఓల్డ్ ఫిడ్లర్స్ కన్వెన్షన్‌కైతే టెంటు వేసుకునే ఓపిక ఉంటేనే వెళ్లండి. అసలు మజా స్టేజి మీద కాదు, క్యాంపర్ల మధ్య రాత్రిళ్లు సాగే జామ్‌లలో, అంటే ఎవరికి వాళ్లు గుంపులుగా కూర్చుని వాయించుకోవడంలో ఉందంటారు తెలిసినవాళ్లు.

శనివారం రాత్రికి హిల్టన్స్‌లోని కార్టర్ ఫ్యామిలీ ఫోల్డ్ అనే సంగీతశాల. ముందు మధ్యాహ్నం బ్రిస్టల్‌లో ఆగడం మంచిది. అక్కడి స్టేట్ స్ట్రీట్‌కి ఒక పక్క వర్జీనియా, ఇంకో పక్క టెనెసీ. తొలితరం కంట్రీ గాయకులైన కార్టర్ కుటుంబం 1927లో తొలిసారి రికార్డు చేసింది ఈ ఊళ్లోనే. ఆ కథంతా అక్కడి మ్యూజియంలో రెండు గంటల్లో చూడొచ్చు. ఆ తర్వాత ఫోల్డ్‌కి వెళ్తే గోడల మీద ఫొటోలు ఎవరివో తెలుస్తాయి. ఫోల్డ్‌లో మందు లేదు, కరెంటు వాద్యాలు లేవు. కంట్రీ గాయకుడు జానీ క్యాష్ చివరిసారి జనం ముందు పాడింది ఇక్కడే, 2003 జులై 5న. బ్యాండు వాళ్లతో మాట్లాడటానికి ఫ్లాయిడే మేలు, డాన్స్‌కి మాత్రం ఫోల్డ్‌ని మించింది లేదు. మా అత్తయ్యగారు కూడా చీర కొంగు దోపుకుని రెండు పాటలకి అడుగులేశారు!

శాకాహారులకి తిండి కష్టమే. బీన్స్, కార్న్‌బ్రెడ్ చూసి సంబరపడకండి, బీన్స్‌లో పందిమాంసం ముక్క వేసి ఉడికించడం ఇక్కడి అలవాటు, అడిగి తినండి. మేం పులిహోర పట్టుకెళ్లాం కాబట్టి బతికిపోయాం. కొండల్లో సిగ్నల్ పోతుంటుంది, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. హిల్టన్స్ నుంచి రాత్రి బ్రిస్టల్‌కి వచ్చే దారిలో జింకలు అడ్డొస్తాయి, నెమ్మదిగా నడపండి. ఇంకొక్కటి: జామ్‌లో కూర్చున్నవాళ్ల మొహాల్లోకి ఫోన్ పెట్టి వీడియో తీయకండి, ముందు అడగండి. ఎవరూ కాదనరు. బకెట్‌లో నాలుగు డాలర్లు వేసి, వాళ్ల సీడీ అమ్ముతుంటే ఒకటి కొనండి. పెట్రోలు ఖర్చు వాళ్లకి అక్కడే గిట్టాలి.