ఇటుక మీద నిలబడ్డ టెలిస్కోపు: మూడేళ్ళు వాడాక

2022 దీపావళి అయిన రెండు వారాలకు అనంతపురంలోని మా ఇంటికి రెండు పెద్ద అట్టపెట్టెలు వచ్చాయి. ఒకదాంట్లో ఆరంగుళాల న్యూటోనియన్ ట్యూబు, అంటే అద్దంతో పనిచేసే టెలిస్కోపు గొట్టం. అద్దం వ్యాసం 150 మి.మీ., ఫోకల్ లెంగ్త్ 750 మి.మీ., రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 5, అంటే ఎఫ్/5. రెండోదాంట్లో ఈక్యూ5 తరగతి మౌంటు (ట్యూబును మోస్తూ ఆకాశంతో పాటు తిప్పే భాగం), ట్రైపాడ్, ట్యూబు బరువును సమం చేసే కౌంటర్ వెయిట్లు. రెండూ కలిపి 62 వేలు. ఆ తర్వాత మోటార్లు, గైడ్ కెమెరా, సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్, అడాప్టర్లు అంటూ ఖర్చు పెరిగి లక్షా పది వేలు దాటాక నేను లెక్క ఆపేశాను. మా ఆవిడ ఇంకా ఆపలేదు.

మూడేళ్ళు అయింది కాబట్టి ఇప్పుడు నిజం చెప్పొచ్చు. ట్యూబు బంగారం. మౌంటు తలనొప్పి. అందులో సగం తలనొప్పి మౌంటుది కూడా కాదు, మన ఊరిది.

కొనే ముందు నేను చదివిన సమీక్షలన్నీ యూరప్, అమెరికా వాళ్ళు రాసినవే. వాళ్ళ పెరట్లో ధ్రువ నక్షత్రం నలభై, యాభై డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఏ ఊరి అక్షాంశం ఎంతో, అక్కడ ధ్రువ నక్షత్రం ఇంచుమించు అంత ఎత్తులోనే కనిపిస్తుంది. అనంతపురానిది 14.7 డిగ్రీలు. చేయి చాచి పిడికిలి బిగించి పెడితే, దిగంతం మీద ఒక పిడికిలిన్నర. మా మేడ మీద నుంచి చూస్తే సరిగ్గా అక్కడే పక్కింటి వాళ్ళ నీళ్ళ ట్యాంకు ఉంది.

కనపడకపోతే ఏం అంటారా? మౌంటు ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరంగా, అంటే ఇంచుమించు ధ్రువ నక్షత్రం వైపు, ఉంటేనే మోటారు ఆకాశంతో పాటు తిరుగుతుంది. ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) జరుగుతుంది. ఈ ట్యూబుకు నా కెమెరా తగిలిస్తే ఒక్కో పిక్సెల్ దాదాపు 1.2 ఆర్క్ సెకన్లు. అంటే మోటారు ఆపి ఒక్క సెకను ఫొటో తీసినా చుక్క పన్నెండు పిక్సెళ్ళు జరిగి గీతై కూర్చుంటుంది. ఇరుసు కొంచెం తప్పినా రెండు నిమిషాల ఎక్స్‌పోజర్‌లో చుక్కలన్నీ వడ్లగింజలే.

ఇరుసు ఎత్తు సరిచేసే స్క్రూ నా మౌంటులో 20 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఇంకా కిందికి దిగదు. మొదటి రాత్రి గంటన్నర ఆ స్క్రూతో కుస్తీ పట్టి, నాదే తప్పనుకుని పడుకున్నాను. అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే "సార్, మీరు మాన్యువల్ చూడండి" అన్నారు. మాన్యువల్‌లో నా ఊరు లేదు. పైగా అంత కిందికి వంచితే ఇంకో చిక్కు. కౌంటర్ వెయిట్ కడ్డీ దాదాపు నిలువుగా వేలాడి, ఉత్తరం వైపు ట్రైపాడ్ కాలికి టక్కున తగులుతుంది. రాత్రి రెండింటికి, మంచి ఫ్రేములు వస్తున్నప్పుడు, ఆ టక్కు వినపడితే ఎలా ఉంటుందో చెప్పలేను.

చివరికి తేలిన ఉపాయం ఇది. ఉత్తరానికి ఒక్క కాలు ఉండాల్సిన ట్రైపాడ్‌ను తిప్పేసి, ఉత్తరానికి రెండు కాళ్ళు, దక్షిణానికి ఒక కాలు పెట్టాను. వెయిట్ ఇప్పుడు రెండు కాళ్ళ సందులో హాయిగా తిరుగుతుంది. అలా తిప్పితే దిశ సరిచేసే చిన్న పిన్ను తప్పు వైపుకు పోతుంది. లేత్ షాపుకు తీసుకెళ్ళి ఎదురుగా ఇంకో రంధ్రం వేయించాను, నూట యాభై తీసుకున్నాడు. ఇక మిగిలిన అయిదు డిగ్రీల కోసం దక్షిణం కాలి కింద ఒక ఇటుక. కాలికీ ఎదుటి రెండు కాళ్ళ గీతకూ మధ్య దూరం నా ట్రైపాడ్‌కు 70 సెంటీమీటర్లు, ఇటుక మందం ఏడు. లెక్క వేస్తే అయిదున్నర డిగ్రీలు పైచిలుకు, మిగతాది స్క్రూ చూసుకుంటుంది. లక్ష రూపాయల సామాను మూడేళ్ళుగా ఎనిమిది రూపాయల ఇటుక మీద నిలబడి ఉంది. కర్నూలు వాళ్ళకు ఇంకో డిగ్రీ ఎక్కువుంటుంది కాబట్టి కొంచెం పలచటి రాయి చాలు. కడపకు నాలాగే ఇటుక.

ట్యాంకు సంగతికి వస్తే, ధ్రువ నక్షత్రం కనపడకుండానే సరిచేసుకునే పద్ధతి ఒకటుంది, డ్రిఫ్ట్ అలైన్‌మెంట్ అంటారు. నడినెత్తికి కాస్త దక్షిణంగా, ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు) దగ్గరున్న చుక్కను పట్టుకుని, అది ఉత్తరానికో దక్షిణానికో ఎటు జారుతుందో చూసి మౌంటును కుడికీ ఎడమకీ సరిచేయాలి. తర్వాత తూర్పున కిందుగా ఉన్న చుక్కతో ఎత్తు సరిచేయాలి. మొదట్లో నాకు గంట పట్టేది, ఇప్పుడు ఇరవై నిమిషాలు. ఈ పని నేర్చుకునే ఓపిక లేకపోతే ఈ సరుకు జోలికి వెళ్ళొద్దు.

రెండో శత్రువు గాలి. రామగిరి వైపు, ఉరవకొండ వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. ఆరంగుళాల ట్యూబంటే గాలికి అడ్డంగా పట్టుకున్న చాట. గైడ్ కెమెరా ఒక చుక్కను చూస్తూ మౌంటును సరిచేసే పనిని గైడింగ్ అంటారు. నా మౌంటు తప్పిదం గాలి లేని రాత్రి గైడింగ్‌లో ఒకటిన్నర ఆర్క్ సెకన్ల లోపు ఉంటుంది. ఆషాఢం గాలికి గ్రాఫు ఈసీజీలా ఎగిరిపడుతుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు నేను సామాను బయటికి తీయను. ఎలాగూ మబ్బులే. ఏటా 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ మాత్రమే వాన పడే జిల్లా మనది. చినుకు పడకపోయినా మబ్బు మాత్రం రోజూ వచ్చి హాజరు వేయించుకుని పోతుంది.

మేడ మీద నుంచి చంద్రుడు, గ్రహాలు బాగుంటాయి. నెబ్యులాలకు (ఆకాశంలోని వాయు, ధూళి మేఘాలకు) మాత్రం ఊరి లైట్లు వదలవు, అందుకే కళ్యాణదుర్గం దాటాక ఉన్న మా బావమరిది చేనికి వెళ్తాను. అక్కడ పాలపుంత నేల దాకా కనపడుతుంది. మోటారు రూము గోడ చాటున మౌంటు పెడితే గాలి కూడా సగం తగ్గుతుంది.

మొదటిసారి వెళ్ళినప్పటి సంగతి చెప్పాలి. 2023 ఫిబ్రవరి, అమావాస్య దగ్గర. తలకు ఎర్ర లైటు కట్టుకుని, వంగి, ఇటుక కింద మట్టి చదును చేస్తున్నాను. నలుగురు కట్టెలు పట్టుకుని వచ్చారు. పెద్దాయన అడిగాడు, "ఏమప్పా, ఈ యాళప్పుడు ఈడ ఏం తవ్వుతాండావు?" మన దగ్గర గుప్తనిధుల తవ్వకాల గొడవ అందరికీ తెలిసిందే. పక్కనే తెల్లటి గొట్టం, వైర్లు, బ్యాటరీ, లాప్‌టాప్. వాళ్ళలో ఒకతను ఇది భూమిలో బంగారాన్ని చూపించే మిషనని తేల్చేశాడు. ఇంకొకడికి వజ్రాలు దొరికే వజ్రకరూరు గుర్తొచ్చింది. నేను ఆకాశం అంటే నమ్మరు, గొట్టమేమో అప్పుడు నేల చూపులు చూస్తోంది. బావమరిది పరుగెత్తుకొచ్చి "మా బావ, మా బావ" అని చెప్పాక, ట్యూబును గురుగ్రహం మీదికి తిప్పి చూపించాను. పెద్దాయన చాలాసేపు కన్ను తీయలేదు. తీశాక, "దీంతో చేసేదేముంది?" అన్నాడు. మా ఆవిడ ప్రశ్న కూడా అదే.

అప్పటి నుంచి చేనికి వెళ్ళేముందు ఊళ్ళో ఒకరికి చెప్పి వెళ్తాను. ఇది సమీక్షలో రాయాల్సిన విషయమే. మీరూ చెప్పే వెళ్ళండి.

ఇక ట్యూబు. పెట్టెలోంచి తీసి కెమెరా తగిలిస్తే ఫోకస్ కుదరదు. ఫోకసర్ (కెమెరాను ముందుకూ వెనక్కూ జరిపే భాగం) మొత్తం లోపలికి తిప్పినా ఇంకా రెండు సెంటీమీటర్లు లోపలికి పోవాలంటుంది. కంటితో చూడటానికి చేసిన న్యూటోనియన్లలో చాలావాటికి ఈ లోపం ఉంది. కొనేటప్పుడే ఫొటోలకు పనికొచ్చేదా కాదా అని గట్టిగా అడగాలి. నేను అడగలేదు. అద్దం వెనక బోల్టులు పొడుగువి వేయించి, అద్దాన్నే రెండున్నర సెంటీమీటర్లు ముందుకు జరిపాను. అదే లేత్ షాపు. ఈసారి ఆయన డబ్బులు తీసుకోకుండా చంద్రుణ్ణి చూపించమన్నాడు.

ఫోకస్ ఖచ్చితంగా పెట్టడానికి బాహ్తినోవ్ మాస్క్ వాడతాను. పాత క్యాలెండర్ అట్టను బ్లేడుతో గాట్లుగా కోసి చేసింది. ట్యూబు మూతికి దాన్ని తగిలించి సిరియస్‌ను చూస్తే చుక్కకు మూడు గీతలు వస్తాయి. రెండు గీతలు కత్తెరలా ఉంటాయి, మూడోది వాటి మధ్య జరుగుతుంటుంది. ఫోకసర్‌ను వెంట్రుకవాసి తిప్పితే ఆ మూడో గీత సరిగ్గా కత్తెర మధ్యలోకి వచ్చి ఆగుతుంది. అట్ట తీసి ఫోకసర్ బిగించేయడమే. రాత్రి చల్లబడే కొద్దీ గంటకోసారి మళ్ళీ చూడాలి.

కళ్యాణదుర్గం రోడ్డు మీద అరవై కిలోమీటర్లు కారులో పోతే అద్దాల వరస ప్రతిసారీ కదులుతుంది. మొదట్లో అద్దాల వరస సరిచూసే చవక లేజర్ కొన్నాను. ఆ లేజరే వంకర! నెల రోజులు వంకర లేజర్‌తో మంచి అద్దాలను చెడగొట్టుకున్నాను. ఇప్పుడు సన్నటి రంధ్రం పెట్టిన ప్లాస్టిక్ మూత, నా కన్ను, అంతే. అద్దం మీద ఎర్రదుమ్ము పడుతుంది, కంగారు పడి తుడవకండి. మూడేళ్ళలో ఒక్కసారే కడిగాను, డిస్టిల్డ్ వాటర్‌తో, గిన్నెల సబ్బు రెండు చుక్కలు వేసి, రుద్దకుండా.

ఎఫ్/5 కాబట్టి ఫొటో మూలల్లో చుక్కలకు తోకలు వస్తాయి. కోమా కరెక్టర్ అనే లెన్సు పన్నెండు వేలు పెట్టి కొన్నాక పోయాయి. అది ఐచ్ఛికం అని రాస్తారు, నన్నడిగితే తప్పనిసరి.

ఫలితాల మాట. ఒక ఫ్రేములో ఆకాశం 1.7 డిగ్రీల వెడల్పు, 1.1 డిగ్రీల ఎత్తు పడుతుంది. చంద్రుడు అర డిగ్రీయే కాబట్టి చుట్టూ చోటు మిగులుతుంది. ఆండ్రోమెడా గెలాక్సీ మూడు డిగ్రీలు, తలా తోకా తెగిపోతాయి. ఓరియన్ నెబ్యులా అచ్చంగా సరిపోతుంది. మా మేడ మీద నుంచి 30 సెకన్ల ఫ్రేములు తీస్తే పదిలో నాలుగు పారేయాల్సి వచ్చేది. చేనులో గైడింగ్‌తో రెండు నిమిషాలవి అరవై తీసి, సిరిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలిపితే, ఆ నెబ్యులా గులాబీ రంగు రెక్కల మడతలు కూడా విడివిడిగా కనిపించాయి. ఫ్రేములు నాలుగు రెట్లు చేస్తే నాయిస్ (ఫొటోలో కనిపించే గరుకు మచ్చలు) సగం అవుతుంది. ఇంకో సగం కావాలంటే మళ్ళీ నాలుగు రెట్లు. అందుకే ఈ పిచ్చికి రాత్రులు చాలవు. కృత్తికల చుట్టూ ఉండే నీలి పొగ కోసం మూడు రాత్రులు పట్టింది. మా అమ్మకు చూపిస్తే "పిల్లలకోడికి ఈకలు వచ్చినాయే" అంది.

మన ఊరికి ఒక వరం కూడా ఉంది. ధ్రువ నక్షత్రం కిందికి దిగిందంటే దక్షిణాకాశం అంత పైకి లేచినట్టే. ఒమేగా సెంటారీ అనే చుక్కల గుంపు లండన్ వాడికి జన్మలో ఉదయించదు. మనకు ఏప్రిల్ మధ్యలో అర్ధరాత్రి దక్షిణాన 28 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. దాదాపు పదిహేడు వేల కాంతి సంవత్సరాల దూరం. ఒక్క నిమిషం ఫ్రేము కెమెరా తెర మీద తెరుచుకోగానే, నల్ల కంబళి మీద గుప్పెడు ఉప్పు పోసినట్టు కనపడింది. పెద్దది చేసి చూస్తే నడిమధ్యలో కూడా చుక్కలు విడివిడిగానే ఉన్నాయి. ఈ ట్యూబు మీద నాకున్న కోపమంతా ఆ రాత్రి పోయింది.

కానీ ఏప్రిల్ అంటే ఎండాకాలం. అర్ధరాత్రి కూడా కెమెరా సెన్సర్ వేడిగానే ఉంటుంది. వేడి ఆరేడు డిగ్రీలు పెరిగితే సెన్సర్‌లో పుట్టే దొంగ వెలుతురు రెట్టింపవుతుంది, ఫొటో నిండా ఎర్ర, నీలి చుక్కలు మొలుస్తాయి. ట్యూబుకు మూత పెట్టి, అదే వేడిలో, అంతే సేపు ఇరవై డార్క్ ఫ్రేములు తీసి, వాటిలోని దొంగ వెలుతురును అసలు ఫొటోలోంచి తీసేయాలి. ఎండాకాలం డార్కులను చలికాలం ఫొటోలకు వాడితే పని చెడుతుంది, ఆ తప్పు నేను చేశాను.

ఒకసారి ఒక మోటారు ఆగిపోయింది. వారంటీ ఉన్నా అమ్మినవాళ్ళ దగ్గరి నుంచి కొత్తది రావడానికి పదకొండు వారాలు పట్టింది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. ఏడాదిలో ఉన్న మంచి రాత్రులన్నీ అవే.

2024 సెప్టెంబరు చివర్లో, అక్టోబరు మొదట్లో తెల్లవారుజామున తోకచుక్క వచ్చింది, సుచిన్షాన్-అట్లాస్. ఇంత సరంజామా ఉంచుకుని దాన్ని నేను మామూలు 50 మి.మీ. లెన్సుతో తీశాను. తోక ట్యూబులో పట్టదు. నా దగ్గరున్న ఫొటోల్లో అందరూ అడిగి పంపించుకున్నది అదొక్కటే.

ఇప్పుడు మళ్ళీ కొనాల్సి వస్తే? ఇదే డబ్బులో ముప్పావు మౌంటు మీద పెడతాను, 15 డిగ్రీల కిందికి దిగేదే అని చూసి మరీ. మిగిలిన పావుతో చిన్న లెన్సు టెలిస్కోపు, 60 మి.మీ.ది చాలు. గాలికి ఊగదు, ఆండ్రోమెడా పడుతుంది, అద్దాలు సరిచేసే పని ఉండదు. ఆరంగుళాల ట్యూబు మాత్రం అమ్మను, ఒమేగా సెంటారీ కోసం. మౌంటు ఎవరికైనా కావాలంటే చెప్పండి, పద్దెనిమిది వేలకు ఇస్తాను. ఇటుక ఊరికే.