పోటీ ఫ్యాక్టరీల సరకు ఒకే లారీలో: చిత్తూరు గుజ్జు పరిశ్రమ నుంచి ఒక సమీక్ష

చిత్తూరు పరిసరాల్లోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో డిస్పాచ్ విభాగం నా బాధ్యత. మేమూ, మాతో పోటీపడే మరికొన్ని ఫ్యాక్టరీలూ కొన్ని సీజన్లుగా బెంగళూరు, హైదరాబాదు లారీలను ఒక తటస్థ సమన్వయ సంస్థ ద్వారా పంచుకుంటున్నాం. ఆ సంస్థకు సొంత లారీలు లేవు, గుజ్జు వ్యాపారంతో సంబంధమూ లేదు. ఎవరి దగ్గర ఎన్ని డ్రమ్ములు ఎటు వెళ్ళాలో విడివిడిగా తెలుసుకుని, వాటిని కలిపి, లారీ మాట్లాడి, బాడుగను పంచి బిల్లు వేయడమే దాని పని. బాడుగ తగ్గిందా అని అందరూ అడుగుతారు. తగ్గింది. అయితే ఇన్నాళ్ళు వాడిన తరువాత, ఆ సంస్థకు మేము కడుతున్న రుసుములో ఎక్కువ భాగం అది బయటపెట్టకుండా దాచే సమాచారానికే చెల్లుతోందని నా అభిప్రాయం.

ఎగుమతి సరకుకు ఈ ఏర్పాటుతో పెద్దగా పనిలేదు. సుమారు 215 కిలోల గుజ్జు పట్టే అసెప్టిక్ డ్రమ్ములు (లోపల క్రిమిరహిత సంచిలో గుజ్జు నింపినవి) 80 ఎక్కిస్తే ఇరవై అడుగుల కంటైనర్ నిండి నేరుగా చెన్నై రేవుకు వెళ్ళిపోతుంది. చిక్కంతా దేశీయ ఆర్డర్లతోనే. బెంగళూరులోని జ్యూస్ కంపెనీ ఇరవై డ్రమ్ములు అడిగితే వాటి కోసం ప్రత్యేకంగా బండి కట్టడం దండగ, పార్ట్ లోడులో, అంటే ఇతరుల సరకుతో కలిపి వెళ్ళే లారీలో వేస్తే ఎప్పుడు చేరుతుందో లారీ ఆఫీసు వారికే తెలియదు.

బాడుగ పంచే పద్ధతిని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి పొత్తులు సాధారణంగా చెడేది ఇక్కడే. లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. నలభై డ్రమ్ముల ఫ్యాక్టరీ విడిగా వెళితే 14,000 రూపాయలు, ఇరవై డ్రమ్ముల ఫ్యాక్టరీ విడిగా వెళితే 9,000, ఇద్దరూ కలిసి ఒకే లారీలో వెళితే 17,000 అవుతుందనుకుంటే, మిగిలేది 6,000. బరువును బట్టి బాడుగ పంచితే పెద్ద ఫ్యాక్టరీకి 2,667 రూపాయలు మిగులుతాయి, చిన్నదానికి 3,333 మిగులుతాయి. ఎక్కువ సరకు తెచ్చినవాడికి తక్కువ లాభమైతే అతడు ఎన్నాళ్ళు ఉంటాడు? మా సమన్వయ సంస్థ అమెరికా గణితవేత్త లాయిడ్ షాప్లీ 1953లో ప్రతిపాదించిన సూత్రాన్ని అనుసరిస్తుంది. ఎవరు చేరడం వల్ల ఎంత ఖర్చు తగ్గిందన్నది చూసి ఆదాను పంచుతారు కాబట్టి, ఇద్దరే ఉన్నప్పుడు చెరి 3,000 మిగులుతుంది, ముగ్గురు నలుగురైతే లెక్క చేయడం కష్టమవుతుంది. ఐరోపాలో 2011 నుంచి 2014 వరకు నడిచిన, కంపెనీలు రవాణాను పంచుకోవడంపై పనిచేసిన సీఓ3 ప్రాజెక్టు కూడా తటస్థ ధర్మకర్త ఆధ్వర్యంలో దాదాపు ఈ దారినే సూచించింది. మా యజమానికి ఈ సూత్రం ఒంటబట్టడానికి చాలా టీలు ఖర్చయ్యాయి.

ఇక గోప్యత. డ్రమ్ము మీది లేబుల్‌లో బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ, బ్రిక్స్ (గుజ్జులోని తీపి కొలత) అన్నీ ఉంటాయి. లారీ రసీదులో కొనుగోలుదారు పేరు ఉంటుంది. ఈ రెండూ చూస్తే పోటీదారు ఎవరికి ఏ సరకు అమ్ముతున్నాడో తెలిసిపోతుంది. అందుకే మా ఫ్యాక్టరీలలో కాకుండా ఊరి బయట ఉన్న ఉమ్మడి గోదాములో, ఆ సంస్థ హమాలీల చేతనే లోడింగ్ జరుగుతుంది. ఎవరి రసీదు వారి సీలు వేసిన కవరులో ఉంటుంది, ఈ-వే బిల్లులను (సరకు రవాణాకు కావలసిన జీఎస్టీ పత్రాలను) సంస్థే ఒక ఉమ్మడి బిల్లుగా చేర్చి డ్రైవరుకు ఇస్తుంది. మా తెరమీద మా డ్రమ్ములు, మా వంతు బాడుగ మాత్రమే కనిపిస్తాయి. పలమనేరు దాటాక టీ బంకు దగ్గర డ్రైవరు ఏం మాట్లాడతాడో ఆపగలిగేవారు మాత్రం ఎవరూ లేరు.

ఈ గోప్యతకు చిత్తూరులో మరో ప్రయోజనం ఉంది. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి, రైతుకు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించిన నాటి వేడి ఎవరూ మరచిపోలేదు. ఫ్యాక్టరీలవాళ్ళు ఎక్కడ కలిసి కూర్చున్నా సిండికేట్ కట్టారని రైతు అనుమానిస్తాడు, ఆ అనుమానాన్ని తప్పుపట్టలేం. ధరలపై పోటీదారులు కుమ్మక్కు కావడాన్ని 2002 నాటి పోటీ చట్టంలోని మూడవ సెక్షన్ కూడా నిషేధిస్తుంది. మధ్యలో తటస్థ సంస్థ ఉండటం వల్ల లారీల పేరిట మేము ఒకరినొకరం కలవవలసిన అవసరమే రాదు.

లోపాలు చిన్నవి కావు. జూన్, జూలై నెలల్లో కాయ ఒక్కసారిగా వచ్చి పడినప్పుడు, అందరి ఇళ్ళలో ఒకే ముహూర్తానికి పెళ్ళిళ్ళు పెట్టుకుని ఒకే వంటమనిషిని పిలిచినట్టుంటుంది పరిస్థితి. కలిపేందుకు సరకు కావలసినంత ఉంటుంది, లారీలు ఉండవు. ఒకే వ్యాపారంలోని పోటీదారులను మాత్రమే చేర్చుకుంటే ఈ ఇబ్బంది తప్పదు. జపాన్‌లో నాలుగు పెద్ద బీరు కంపెనీలు 2017లో తూర్పు హొక్కైడోలో ఉమ్మడి రవాణా మొదలుపెట్టినప్పుడు ఒక్కో కంపెనీ సరకు బండి నిండేంత లేకపోవడమే అక్కడి సమస్య. మా సీజన్ సమస్య అందుకు తలక్రిందులు. వేరే నెలల్లో లారీలు ఎక్కువగా కట్టే వ్యాపారాలను కూడా చేర్చి, లారీ యజమానులతో ఏడాది పొడవునా ఒప్పందం చేసుకోమని చెబుతూనే ఉన్నాం. సంస్థ ఇంకా కదలలేదు.

రెండవది నష్టపరిహారం. మొగిలి ఘాట్ మలుపుల్లో కట్లు సడలి డ్రమ్ము సొట్టపడితే, లోపలి సంచి చెక్కుచెదరకపోయినా కొనుగోలుదారు వెనక్కి పంపుతాడు. కట్టు ఎవరు సరిగా వేయలేదన్నది తేలేలోగా బీమా గడువు దగ్గరపడుతుంది. గోదాములో లోడింగ్ ఫోటోలు తీస్తున్నా, మేము అడిగిన రోజున అవి అందిన సందర్భాలు తక్కువ.

ఈసారి ఒప్పందం పొడిగించేటప్పుడు రెండు షరతులు రాయించుకున్నాం. ఫోటోలు లారీ కదిలే ముందే మాకు చేరాలి. మేము బయటకు వెళ్ళిపోయినా, మా కొనుగోలుదారుల వివరాలు సంస్థ దగ్గర మిగలకూడదు. ఏడాది పొడవునా చిన్న చిన్న దేశీయ ఆర్డర్లు ఉన్న ఫ్యాక్టరీలకు ఈ ఏర్పాటును ధైర్యంగా సూచిస్తాను. కంటైనర్ల లెక్కన ఎగుమతి మాత్రమే చేసేవారికి రుసుము కట్టవలసిన అవసరం నాకు కనిపించదు.