రెండేళ్ళు రోజూ వాడిన ఇయర్‌బడ్స్: సౌండ్ సంగతి తర్వాత, ముందు కనెక్ట్ అవుతున్నాయా?

ముందే చెప్పేస్తా, ఇది బేస్ ఎలా ఉంది ట్రెబుల్ ఎలా ఉంది అనే రివ్యూ కాదు. రెండు వేల లోపు వచ్చే బడ్స్‌లో సౌండ్ ఇప్పుడు ఇంచుమించు అన్నిట్లో ఒకటే, పాటలకి కాల్స్‌కి సరిపోతుంది. కొన్న వారంలో రాసే రివ్యూలన్నీ దాని గురించే ఉంటాయి. రెండేళ్ళ పైన వాడాక నేను చూసేది ఒక్కటే, డబ్బా మూత తీసి చెవిలో పెట్టుకోగానే ఫోన్‌కి తగులుకుంటున్నాయా లేదా, తగులుకోకపోతే దాన్ని దారికి తేవడం ఎంత తేలిక. అది లేనప్పుడు బేస్ ఎంత బాగుండి ఏం లాభం.

కంపెనీ పేరు రాయట్లేదు. నావి ఒక కంపెనీ, మా ఆయనవి ఇంకోటి, తమ్ముడివి వేరేటి, మూడిట్లోనూ ఇవే రోగాలు, కాబట్టి ఒకదాని మీద రాయడం అన్యాయం. నావి డబ్బా వెనకాల చిన్న బటన్ ఉన్న రకం, బ్లూటూత్ 5.3, యాప్ ఉంది. వాడకం ఏంటంటే పొద్దున మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం దాకా, మళ్ళీ సాయంత్రం అదే రూటు, మధ్యలో ఆఫీసు లాప్‌టాప్‌లో మీటింగులు, రాత్రి అమ్మతో ఫోను.

మొదటి ఏడాది పేచీ లేదు. గొడవంతా ఫోన్ మార్చాక మొదలైంది. పాత ఫోన్ నుంచి కొత్తదానికి అన్నీ ఎక్కించుకున్నా, ఫోటోలు, నంబర్లు, వైఫై పాస్‌వర్డ్‌లు కూడా వచ్చాయి, బడ్స్ పెయిరింగ్ (అంటే ఫోన్‌నీ బడ్స్‌నీ మొదటిసారి జత చేయడం) మాత్రం రాలేదు, చాలావాటికి అది ఫోన్‌కి ఫోన్‌కి విడిగా చేసుకోవాల్సిందే. సరే కొత్తగా పెయిర్ చేద్దామని వెతికితే లిస్టులో పేరే కనపడదు. ఎందుకంటే పాత ఫోన్ అత్తయ్యకి ఇచ్చాం, దాంట్లో బ్లూటూత్ ఆన్‌లోనే ఉంది, నేను మూత తీయగానే ఇవి వెళ్ళి పక్కగదిలో ఉన్న ఆ ఫోన్‌కే అతుక్కుంటున్నాయి. అత్తయ్యేమో "ఏమ్మా, ప్రవచనం మధ్యలో మాట ఆగిపోతోంది, ఫోన్ పాడైనట్టుంది చూడు" అంటారు, ఇక్కడ నా చెవిలో ప్రవచనం. ఆవిడ ఫోన్‌లో బ్లూటూత్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఫర్గెట్ కొట్టాక గానీ నా ఫోన్‌కి ఇవి కనపడలా.

దీంట్లో కిటుకు ఏంటంటే చాలా బడ్స్ మూత తీయగానే మొదట చేసే పని చివరిసారి కలిసిన ఫోన్ కోసం వెతకడం. అది దొరికితే అటే పోతాయి, దొరక్కపోతే కాసేపటికి పెయిరింగ్‌లోకి వస్తాయి, కొన్నయితే అదీ రావు, బటన్ నొక్కితేనే వస్తాయి. మనం ఇక్కడ స్కాన్ మీద స్కాన్ కొడుతూ కూర్చుంటే లాభం లేదు. కాబట్టి కనెక్ట్ అవ్వట్లేదు అని ఎవరు ఫోన్ చేసినా నేనడిగే మొదటి ప్రశ్న, ఇంట్లో ఇవి ఇంతకుముందు కలిసినవి ఇంకేం ఉన్నాయి అని. ట్యాబ్, టీవీ, పాత ఫోన్, లాప్‌టాప్, అన్నిట్లో బ్లూటూత్ ఆపేసి చూడమంటా. సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

మిగతా సగంలో ఎక్కువ భాగం ఇంకో రకం. తమ్ముడు ఒకరోజు రాత్రి పదింటికి ఫోన్ చేసి "అక్కా, పేరు కనపడుతోంది, సేవ్డ్ అని కూడా ఉంది, నొక్కితే ఒక్క క్షణం కనెక్టింగ్ అని వచ్చి పోతోంది, ఇవి పోయినట్టేనా" అన్నాడు. పోలేదు. పెయిరింగ్ చేసినప్పుడు ఫోనూ బడ్సూ కలిసి ఒక రహస్య కీ తయారు చేసుకుని చెరో కాపీ దాచుకుంటాయి, తర్వాత కలిసిన ప్రతిసారీ ఆ రెండూ సరిపోలాలి. ఒకవైపు చెరిగిపోయి ఇంకోవైపు మిగిలిపోతే, ఇంటికి కొత్త తాళం వేసి పాత తాళంచెవి తిప్పుతున్నట్టే, ఎంతసేపు తిప్పినా అంతే. వాడు బడ్స్‌ని రీసెట్ చేశాడు, అంటే బడ్స్ వైపు కీ చెరిపేశాడు, ఫోన్‌లో మాత్రం పాత పేరు అలాగే ఉంచాడు. ఇంకొందరు దీనికి తిరగేసి చేస్తారు, ఫోన్‌లో ఫర్గెట్ కొడతారు, బడ్స్ జోలికి పోరు. చాలాసార్లు దానితోనే పనైపోతుంది గానీ మొండికేసినప్పుడు రెండువైపులా చెరిపేయాల్సిందే.

నేను చేసే వరస ఇది. రెండు బడ్స్‌నీ డబ్బాలో పెట్టి డబ్బాని చార్జింగ్‌లో పెడతా, ఎందుకంటే బ్యాటరీ అడుగంటి ఉన్నప్పుడు రీసెట్ సగంలో ఆగిపోతుంది. ఫోన్‌లో ఆ పేరు మీద గేర్ గుర్తు నొక్కి ఫర్గెట్, ఐఫోన్ అయితే పేరు పక్కన గుండ్రంలో ఉండే ఐ గుర్తు నొక్కి ఫర్గెట్ దిస్ డివైస్. తర్వాత మూత తెరిచే ఉంచి వెనకాల బటన్ లైటు రంగు మారేదాకా నొక్కిపట్టుకోవడం, నా వాటికి పది సెకన్లు పడుతుంది, ఒక్కో మోడల్‌కి ఒక్కో రకం. తర్వాత మూత వేసి, ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేసి, మళ్ళీ మూత తీసి కొత్తగా పెయిర్ చేయడం. బటన్ లేని వాటికి రెండు బడ్స్ మీదా ఒకేసారి వేళ్ళు పెట్టి నొక్కిపట్టుకోవాలి, మా ఆయనవి అలాంటివే, వేలు కాస్త జరిగితే మళ్ళీ మొదటికి. ఆ ఒక్క కారణానికే నేను బటన్ లేని డబ్బా మళ్ళీ కొనను.

లిస్టులో ఒకే పేరు రెండుసార్లు కనపడి, ఒకదాని ముందు ఎల్ఈ అని ఉంటే అది యాప్ మాట్లాడుకునే దారి, పాట వచ్చేది చాలావరకు రెండోదాంట్లోంచి, అదే నొక్కండి. అలాగే పేరు చివర ఎల్ ఒకటి, ఆర్ ఒకటి విడివిడిగా కనపడితే కుడి ఎడమ బడ్స్ ఒకదాన్నొకటి మర్చిపోయాయన్న మాట. అప్పుడు ఫోన్‌లో ఎంత కొట్టుకున్నా ఒకచెవే పలుకుతుంది. రెండు పేర్లూ ఫర్గెట్ కొట్టి, రెండిట్నీ డబ్బాలో పెట్టి కలిపి రీసెట్ చేయాలి, విడివిడిగా చేస్తే కుదరదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా, రెండేళ్ళలో నన్ను ఎక్కువ ఏడిపించింది సాఫ్ట్‌వేర్ కాదు, మురికి. బడ్ కింద బంగారు రంగులో చిన్న చుక్కలుంటాయి చూడండి, డబ్బాలో వాటికి ఎదురుగా చిన్న పిన్నులుంటాయి, చార్జింగ్ ఎక్కేది వాటి ద్వారానే, చాలా మోడల్స్‌లో "నేను డబ్బాలో ఉన్నాను" అని బడ్‌కి తెలిసేది కూడా వాటి వల్లే. చెమట, గులిమి, పౌడరు అన్నీ కలిసి అక్కడ పొరలా కట్టేస్తే ఆ బడ్‌కి తను డబ్బాలో ఉన్న సంగతే తెలీదు, బయట ఉన్నా అనుకుని ఆన్‌లోనే ఉండి ఫోన్‌కి కనెక్ట్ అయ్యే ఉంటుంది. ఫలితం ఏంటంటే కాల్ ఎత్తుతాం, అవతలి వాళ్ళు హలో హలో అంటుంటారు, మనకి ఏమీ వినపడదు, మాటలన్నీ బ్యాగులో ఉన్న డబ్బాలో వినపడుతుంటాయి. తెల్లారేసరికి ఆ బడ్ చచ్చి ఉంటుంది, మనం ఎడమది కనెక్ట్ అవ్వట్లేదని బ్లూటూత్‌ని తిట్టుకుంటాం. ఎండాకాలంలో ఇది మరీ ఎక్కువ, విజయవాడలో అమ్మ వాళ్ళింటికి మే నెలలో వెళ్ళినప్పుడల్లా తప్పకుండా ఇదే తంతు.

పొడి ఇయర్‌బడ్ పుల్లతో, అంటే దూది పుల్లతో (రెండిటికీ ఒకే పేరు పెట్టినవాడెవడో గానీ), రెండు వైపులా తుడవాలి, పోకపోతే మొబైల్ రిపేర్ షాపుల్లో ఐపీఏ అని దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పుల్లకి కొంచెం తడి తగిలించి తుడిచి ఆరనివ్వాలి. గుండుసూదితో గీకొద్దు, డబ్బాలోని పిన్నులు స్ప్రింగు మీద ఉంటాయి, వంగితే ఆ డబ్బా పనికిరాదు. తుడిచాక బడ్ పెట్టగానే దాని లైటు వెలిగి ఆరితే తగిలినట్టు. నేను ఆదివారం ఆదివారం ఒకసారి తుడిచేస్తున్నా, అప్పట్నుంచి ఎడమ బడ్ పేచీ పెట్టలా.

చార్జింగ్ దగ్గరే ఇంకో విచిత్రం. కొన్ని డబ్బాలకి టైప్-సి పోర్టే ఉంటుంది గానీ, రెండు చివర్లా టైప్-సి ఉన్న కొత్తరకం కేబుల్ పెడితే ఎక్కదు, పాతరకం వెడల్పు యూఎస్‌బీ చివర ఉన్న కేబుల్‌తో పెడితే ఎక్కుతుంది. చవక డబ్బాల్లో ఆ పోర్టు దగ్గర పెట్టాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు పెట్టకుండా ఖర్చు మిగుల్చుకుంటారు, అవి లేకపోతే కొత్త చార్జర్‌కి అక్కడ ఒక వస్తువు ఉందనే తెలీదు, కరెంటు ఇవ్వదు. తమ్ముడి డబ్బా చచ్చిపోయిందని పక్కన పడేస్తే ఇంట్లో పాత చార్జర్‌తో లేచి కూర్చుంది. నెలల తరబడి డ్రాయర్‌లో పడేసిన బడ్స్ కూడా వెంటనే లేవవు, బ్యాటరీ పూర్తిగా అడుక్కి పోయి ఉంటుంది, ఒక గంటో రెండు గంటలో చార్జింగ్‌లో వదిలేసి అప్పుడు చూడాలి. అప్పటికీ లేవకపోతే ఇక లేవదనుకోవచ్చు.

ఫోన్ వైపు చూడాల్సినవి పెద్దగా లేవు. కనెక్టెడ్ అని ఉండి పాట ఫోన్ స్పీకర్‌లోంచే వస్తుంటే గేర్ గుర్తు లోపల మీడియా ఆడియో అనే స్విచ్ ఆఫ్ అయి ఉందేమో చూడండి, కాల్స్‌కి వేరే స్విచ్ ఉంటుంది. యాప్‌లో బడ్స్ కనపడట్లేదని చాలామంది కంగారు పడతారు, ఆండ్రాయిడ్ 12 నుంచి నియర్‌బై డివైసెస్ అనే పర్మిషన్ ఇవ్వాలి, అంతకు ముందు వాటికి లొకేషన్ అడిగేది. అసలు పాటలు వినడానికి యాప్ అక్కర్లేదు, ఫోన్ సెట్టింగ్స్‌లోంచి కలిపితే చాలు. ఏదీ పనిచేయకపోతే బ్లూటూత్ వైఫై సెట్టింగ్స్ మొత్తం రీసెట్ కొట్టే ఆప్షన్ ఉంది, అది ఆఖరి అస్త్రం, దాంతో సేవ్ చేసుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ ఎగిరిపోతాయి, కారు, వాచీ కూడా మళ్ళీ పెయిర్ చేసుకోవాలి. వర్షన్ తేడా వల్ల కలవట్లేదు, నీ ఫోన్ 5.0, బడ్స్ 5.3 అని షాపువాడు కొత్త ఫోన్ అంటగట్టబోతే నమ్మకండి, పాతదానితో కొత్తది కలిసేట్టే తయారవుతాయి.

కలవకపోవడం వేరు, కలిసి మధ్యలో తెగడం వేరు, రెండిటికీ ఒకే మందు వేయొద్దు. అమీర్‌పేట స్టేషన్‌లో సాయంత్రం ఆరున్నరకి జనం మధ్య నా బడ్స్ ఇప్పటికీ గరగరమని తెగుతాయి. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే ఉంటాయి, పాటలు పంపే పాతరకం బ్లూటూత్‌కి 79 చానళ్ళుంటే సెకనుకి 1600 సార్లు వాటి మధ్య గెంతుతూ ఖాళీ వెతుక్కుంటుంది, చుట్టూ అంతమంది చెవుల్లో అదే ఉంటే ఎక్కడికని గెంతుతుంది. దానికి తోడు మన ఒంట్లో ఉన్న నీళ్ళే ఆ సిగ్నల్‌ని తాగేస్తాయి, ఫోన్ వెనక జేబులోనో, అటుపక్క భుజాన బ్యాగులోనో ఉంటే ఇంకా తెగుతుంది. ఫోన్ చేతిలో పట్టుకుంటే సగం తగ్గుతుంది. మా ఆయన వాటిలో ఎల్‌డాక్ అని క్వాలిటీ మోడ్ ఉంది, నిండుగా పెడితే సెకనుకి 990 కిలోబిట్లు లాగుతుంది, రద్దీలో తెగేది ముందు అవే, మామూలు మోడ్‌లోకి దించితే ఊరుకున్నాయి.

రెండు వస్తువులకి ఒకేసారి కలిసే మల్టీపాయింట్ గురించి నాకు పెద్ద అభిప్రాయం లేదు, ఆఫ్ చేసేశా. లాప్‌టాప్‌లో ఎవరో చాట్‌లో టింగ్‌మనిపిస్తే ఇక్కడ ఫోన్‌లో పాట ఆగిపోతుంటే విసుగొచ్చింది.

వారంటీ ఉండగా ఒకసారి కుడి బడ్ మార్పించుకున్నా. సర్వీస్ సెంటర్‌లో కొత్త బడ్ ఇచ్చి పంపారు, ఇంటికొచ్చాక అది పాత ఎడమదాన్ని గుర్తుపట్టదు, పైన చెప్పినట్టు రెండూ డబ్బాలో పెట్టి రీసెట్ చేస్తే కలిసిపోయాయి, ఆ ముక్క అక్కడ ఎవరూ చెప్పలేదు. మీరు ఇలా మార్పించుకుంటే కౌంటర్ దగ్గరే మీ ఫోన్‌కి కలిపి, రెండు చెవుల్లో పాట విని అప్పుడు సంతకం పెట్టండి. వారంటీలో ఉన్నా తిప్పుతుంటే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వచ్చు, అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్.

ఇప్పటి పరిస్థితి: కనెక్షన్ బాగుంది, మూత తీసి చెవిలో పెట్టుకునేలోపే టింగ్ అంటుంది. బ్యాటరీ మాత్రం సగానికి వచ్చేసింది, కొత్తలో ఆఫీసుకి పోయి రావడానికి, మీటింగులకి హాయిగా సరిపోయేది, ఇప్పుడు మధ్యాహ్నం భోజనం వేళకి డబ్బాలో పెట్టాల్సి వస్తోంది. కుడిది ఇంకా తొందరగా దిగుతుంది, మార్పించుకున్న కొత్తదైనా సరే, కాల్స్‌కి ఎప్పుడూ అదొక్కటే పెట్టుకుంటా కదా. మొబైల్ షాపులుండే జగదీష్ మార్కెట్‌లో ఒక రిపేర్ అతన్ని బ్యాటరీ మారుస్తారా అని అడిగితే, జిగురు పెట్టి మూసేసినవి మేడం, తెరిస్తే మళ్ళీ అతకవు, వదిలేయండి అన్నాడు. అంత చిన్న బడ్‌ని విప్పి చూపించమని నేనూ అడగలా.

ఇంకొకటి కొనాల్సి వస్తే డబ్బాకి బటన్ ఉందా, ఒక్క బడ్ విడిగా అమ్ముతారా, యాప్ లేకుండా నడుస్తుందా, ఈ మూడు చూసే కొంటా. వైర్ ఉన్నవే నయం కదా అని అమ్మ అంటుంది, నిజమే, కాకపోతే నా కొత్త ఫోన్‌కి ఆ గుండ్రటి పిన్ను పెట్టుకునే రంధ్రమే లేదు.