పెన్నీ వేలం, ఈబే పాట, నేరుగా కొనడం: ఏది మేలు?

"200 డాలర్ల హెడ్‌ఫోన్స్ పెన్నీ వేలంలో 12 డాలర్లకే వచ్చాయట, నమ్మొచ్చా?" అమెరికాలో ఉంటున్న మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. నమ్మొచ్చు. ఎవరో ఒకరికి ఆ ధరకే వచ్చి ఉంటాయి. ఆ పాటలో ఓడినవాళ్లంతా కలిసి ఎంత వదిలించుకున్నారో మాత్రం ఎవరూ అడగరు. ఈ పోలికలో అన్నిటికన్నా ముందు తేల్చాల్సింది అదే.

పెన్నీ వేలం పద్ధతి ఇదీ. బిడ్లు ముందే డబ్బు పెట్టి కొనుక్కోవాలి. ఒక్కో బిడ్ వేసినప్పుడల్లా వస్తువు ధర ఒక సెంటు పెరుగుతుంది, గడియారం మళ్లీ 10 సెకన్లకో 20 సెకన్లకో వెళ్తుంది. ఆఖరి బిడ్ ఎవరిదైతే వస్తువు వాళ్లది. జర్మనీలో 2005లో టెలిబిడ్ పేరుతో మొదలై తర్వాత స్వూపోగా మారిన సైటు దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. 2011లో అది దివాలా తీసింది. అప్పటికే క్విబిడ్స్, డీల్‌డాష్ లాంటివి రంగంలో ఉన్నాయి.

బిడ్ ఒక్కోటి 60 సెంట్లు అనుకుని లెక్క వేద్దాం. ధర 12 డాలర్ల దగ్గర ఆగిందంటే పడినవి 1,200 బిడ్లు. వాటి మీద 720 డాలర్లు, గెలిచినవాడు కట్టే 12 కలిపితే 732. సైటు 200 అని రాసుకున్నా బయట 165కి దొరికే వస్తువు మీద సైటుకు వచ్చింది అంత! గెలిచినవాడు 150 బిడ్లు వేశాడనుకుంటే అతనికి 90 ప్లస్ 12, మొత్తం 102 డాలర్లు పడింది. మంచి బేరమే. మిగతా 1,050 బిడ్లు వేసినవాళ్ల 630 డాలర్లకు మాత్రం చేతికి ఏమీ రాలేదు. "94 శాతం తగ్గింపు" అని తెర మీద మెరిసే అంకెలో గెలిచినవాడు బిడ్లకు పెట్టిన 90 డాలర్లు కూడా ఉండవు.

మన చిట్టీ పాటతో పోల్చి చూడండి. చిట్టీలో పాట దక్కనివాడికి ఆ నెల డివిడెండ్ వస్తుంది, అంటే పాడుకున్నవాడు వదులుకున్నది అందరికీ పంచుతారు. ఇక్కడ సరిగ్గా తలకిందులు: పాట దక్కనివాళ్లే గెలిచినవాడికీ సైటుకూ పంచిపెడతారు.

తెలిసి తెలిసి ఎందుకు ఆగలేరు? మత్తంతా ఆఖరి పది సెకన్లలోనే ఉంది. ధర 12 డాలర్లు, వస్తువు విలువ 200. గెలిస్తే 188 మిగులు, బిడ్ వేస్తే పోయేది 60 సెంట్లు. ఈ బిడ్డే ఆఖరిది కావడానికి 313లో ఒక్క వంతు అవకాశం ఉన్నా వేయడం లాభమే అని లెక్క చెబుతుంది. లెక్కలో తప్పు లేదు. పది సెకన్ల తర్వాత అదే లెక్క మళ్లీ వస్తుంది, మళ్లీ "వేయి" అనే చెబుతుంది. ఏ ఒక్క బిడ్డూ తెలివితక్కువ పనిలా కనపడదు, వాటి మొత్తం మాత్రం కార్డు బిల్లులో కనపడుతుంది. దానికి తోడు 70 బిడ్లు వేసినవాడికి "42 డాలర్లు పెట్టాక ఇప్పుడు వదిలేస్తే ఎలా" అనిపిస్తుంది. పోయిన చోటే వెతుక్కోవాలన్న మాట పేకాట దగ్గర పుట్టిందో ఎక్కడ పుట్టిందో గానీ, ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. ఆ 42 ఆగినా పోయినవే, ఆగకపోయినా పోయినవే. స్వూపో పాటలను 1,66,000 దాకా తీసుకుని ఆర్థికవేత్త నెడ్ ఆగెన్‌బ్లిక్ చేసిన అధ్యయనంలో లాభాల సగటు 50 శాతం దాటింది. అంత లాభానికి ఆయన చూపించిన కారణం కూడా ఈ పోయిన డబ్బు మీద మమకారమే.

మన బదులు బిడ్లు వేసే ఆటో సదుపాయం (క్విబిడ్స్‌లో బిడ్-ఓ-మ్యాటిక్, డీల్‌డాష్‌లో బిడ్‌బడ్డీ) కూర్చునే శ్రమ తప్పిస్తుంది, ఖర్చు తప్పించదు. ఇద్దరు చెరో 200 బిడ్లు పెట్టి వదిలేస్తే, రెండు యంత్రాలూ ఒకరి తర్వాత ఒకరుగా వేసుకుంటూ ఒకరి సంచీ ఖాళీ అయ్యేదాకా ఆగవు. మీరు పడుకుని లేచేసరికి 120 డాలర్లు కరిగిపోయి ఉంటాయి.

పెన్నీ వేలాల్లో కాస్త నయమనదగ్గవి "ఇప్పుడే కొను" సదుపాయం ఉన్నవి. ఓడిపోయినా, బిడ్లకు పెట్టిన డబ్బును తగ్గించుకుని మిగతాది కట్టి అదే వస్తువు తీసుకోవచ్చు. చూడ్డానికి నష్టమే లేనట్టుంటుంది. కానీ తగ్గించేది సైటు తాను రాసుకున్న ధర నుంచి. సైటు ధర 200, బయట 165, రవాణా 10 డాలర్లు అనుకుందాం. తేడా 45. మీ బిడ్ల ఖర్చు 45 దాటితే అక్కడే కొని బయటపడటం మేలు. 20 దగ్గరే ఉంటే ఆ 20 వదిలేసి బయట కొనుక్కోండి. ఈ తేడాను పాటలోకి దిగకముందే కాగితం మీద రాసుకోవాలి, గడియారం తిరుగుతుండగా ఎవరూ సరిగ్గా లెక్క వేయలేరు. రెండు మెలికలు చూసుకోండి: గెలుచుకున్న ఉచిత బిడ్లు చాలాచోట్ల ఈ తగ్గింపులోకి రావు, కొనడానికి గడువు కూడా ఉంటుంది. డీల్‌డాష్‌లోలా పూర్తి ధరకు కొంటే బిడ్లు వెనక్కి ఇచ్చే చోట, ఆ బిడ్లు మిమ్మల్ని మళ్లీ రేపటి పాటకు లాక్కెళ్తాయి.

ఇక ఈబే పాట. బిడ్ వేయడం ఉచితం, ఓడితే పైసా పోదు. గరిష్ఠంగా ఎంత ఇవ్వగలరో ఒక్కసారి చెబితే చాలు, అంతలోపు అవసరమైన మేరకే సైటు మీ బదులు పాట పెంచుతుంది. మీరు 140 పెట్టి, మీ తర్వాతి వాడు 118 దగ్గర ఆగితే మీకు పడేది 120 డాలర్ల 50 సెంట్లు, ఎందుకంటే ఆ శ్రేణిలో ఒక్కో మెట్టు రెండున్నర డాలర్లు. ముగింపు సమయం ఖాయం, గడియారం వెనక్కి తిరగదు. కాబట్టి ఆఖరి 5 సెకన్లలో వేసిన బిడ్‌కు నిజంగానే విలువ ఉంది. పెన్నీ వేలంలో ఆ ఎత్తు గడియారాన్ని తిప్పడానికే పనికొస్తుంది. ఈబేలోనూ పంతానికి పోయి 165 వస్తువుకు 180 పెట్టేవాళ్లుంటారు. గరిష్ఠం ఒక్కసారే పెట్టి తెర మూసేయడమే దానికి మందు. వాడిన వస్తువైతే ఫొటోలు, అమ్మేవాడి రేటింగ్, రవాణా ఖర్చు చూడక తప్పదు.

కొత్తదే కావాలి, టెన్షన్ వద్దు అనుకుంటే 165 పెట్టి కొనేయండి. వారంటీ ఉన్న రీఫర్బిష్డ్ (బాగుచేసి మళ్లీ అమ్మేది) అయితే ఇంకా తక్కువకు వస్తుంది. నన్నడిగితే హెడ్‌ఫోన్స్, ట్యాబ్లెట్, మిక్సీ లాంటి రోజువారీ సరుకుకు ఇదే సరైన దారి. దొరకని పాత కెమెరా లెన్సు లాంటి వాటికి ఈబే. పెన్నీ వేలాన్ని షాపింగ్ లెక్కలో రాయకుండా వినోదం ఖర్చులో రాసుకునేవాళ్లతో నాకు పేచీ లేదు, సినిమా టికెట్‌లాగా ఇంతే అని ముందే అనుకుంటే.

అందరికన్నా తక్కువ, ఇంకెవరూ చెప్పని అంకె చెప్పినవాడు గెలిచే పాటలు కూడా ఉన్నాయి. బిడ్‌కు డబ్బు తీసుకుంటే అది లాటరీకి ఇంకో పేరు. పెన్నీ వేలం సైటులో పెట్టుబడి పెడితే రోజూ లాభం పంచుతామనే వాటి జోలికి అసలు వెళ్లకండి: జీక్లర్ అనే పెన్నీ వేలం పక్కన నడిచిన జీక్ రివార్డ్స్‌ను 60 కోట్ల డాలర్ల పోంజీ స్కీమ్ (కొత్తవాళ్ల డబ్బునే పాతవాళ్లకు లాభంగా పంచే మోసం) అంటూ 2012 ఆగస్టులో అమెరికా పెట్టుబడుల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ మూయించింది.

ఇప్పటికే ఖాతా తెరిచి ఉంటే ముందు కార్డు స్టేట్‌మెంట్ చూడండి. నమోదు పూర్తవగానే బిడ్ల ప్యాక్ దానంతటదే కొనిపించే సైట్లున్నాయి, నమోదు ఉచితం అనుకున్నవాళ్లకు 60 డాలర్ల కోత అప్పుడే కనపడుతుంది. వాడని బిడ్లు వాపసు తీసుకుంటారా, ఎన్ని రోజుల్లోపు అడగాలి అన్నది షరతుల్లో వెతకండి. వెతకడానికి ముందు ఒక్క బిడ్ కూడా వాడకండి, వాడిన ప్యాక్‌ను వాపసు తీసుకోబోమనే షరతు మామూలే. డబ్బు కట్టింది క్రెడిట్ కార్డుతో అయితే, చెప్పకుండా కోసిన దాని మీద బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ కోత చెల్లదన్న ఫిర్యాదు) వేసే దారి ఒకటి మిగిలి ఉంటుంది.