లేసు బాగుంది, గొడవంతా కార్డుతోనే

ముందు సరుకు సంగతి చెప్పేస్తాను, చాలామందికి కావాల్సింది అదే కాబట్టి. ఇన్‌స్టాలో ఒక పేజీ నుంచి నరసాపురం లేసు టేబుల్ రన్నర్ తెప్పించాను. డైనింగ్ టేబుల్ మీద పొడుగ్గా పరుస్తారు చూడండి, అది. వెడల్పు 14 అంగుళాలు, పొడవు 60, పాలమీగడ రంగు. ధర 1,850 రూపాయలు, కొరియర్‌కి ఇంకో 80. ఆరో రోజున వచ్చింది.

పేజీవాళ్లు ఉండేది హైదరాబాదులో, నేనుండేది పాలకొల్లులో. నరసాపురం వైపు తయారైన లేసు హైదరాబాదు వెళ్లి, అక్కడ ఫొటోలు దిగి, అట్టపెట్టెలో పడుకుని మళ్లీ మా ఇంటికొచ్చిందన్నమాట. ఇక్కణ్ణించి నరసాపురం పది కిలోమీటర్లు. "బస్సెక్కితే అరగంటలో కొనుక్కొచ్చేదానివి కదా" అన్నారు మా ఆయన. నిజమే. కానీ నేను లేసు కోసం కొనలేదు, ఆ పేజీవాళ్ల వీడియో చూసి ఒళ్లు మండి కొన్నాను.

వీడియోలో ఒకమ్మాయి కాలవ గట్టు మీద కూర్చుని ఉంటుంది. లంగావోణీ, జడనిండా మల్లెపూలు, వెనక కొబ్బరి చెట్లు, నీళ్లలో ఖాళీ పడవ. "ఆయ్, మేం గోదారోళ్లమండి" అని ఒక గొంతు పలుకుతుంది. ఈ సెట్టింగు ఎక్కడ దొరుకుతుందో గానీ సినిమా అయినా, ప్రకటన అయినా, యూట్యూబ్ వంటల ఛానల్ అయినా మా వైపు ఆడపిల్ల అనగానే ఇదే దించుతారు. ఆయ్ అనాలి, ఎటకారంగా మాట్లాడాలి, ఓణీ అంచు నీళ్లలో తడవాలి. నా చిన్నప్పుడు కాలవ గట్టు మీద కూర్చుంటే మా నాయనమ్మ చీపురుకట్ట తీసేది.

అదీ సరే అనుకుందాం. ఆ పిల్ల చేతిలో లేసు ఉంది, కొక్కెం ఉన్న క్రోషే సూదీ ఉంది. సూదిని తలకిందులుగా పట్టుకుంది. దారం ఎడమ చూపుడువేలికి చుట్టుకోలేదు, ఒళ్లో బుట్టలో ఉండలా పడుంది. అలా పట్టుకుంటే అల్లిక సరిగ్గా పడదు. సూది పట్టుకోవడం తెలియనివాళ్లు అమ్మే లేసు ఎలా ఉంటుందో చూద్దామని, అనుమానం కొద్దీ ఆర్డరు పెట్టాను. మెషీన్ లేసు అంటగడతారేమో, పట్టుకుందామనుకున్నాను.

నాకెందుకింత పట్టింపంటే, మా అమ్మది మొగల్తూరు వైపు ఊరు, పెళ్లికి ముందు నుంచీ లేసు అల్లింది. నేను బ్లౌజులు కుడతాను. గుడ్డ, దారం విషయంలో నన్ను మోసం చేయడం అంత తేలిక కాదు.

మోసమేమీ లేదు. అచ్చమైన చేతిపనే. తిరగేసి చూస్తే దారం చివర్లు లోపలికి దాచిన చోట్లు కనబడుతున్నాయి. పువ్వులు ఒక్కోటీ విడిగా అల్లి, తర్వాత కలిపారు. దీన్ని మా దగ్గర అతుకు పని అంటారు. అల్లేవాళ్లు వేరు, అతికేవాళ్లు వేరు అయి ఉండొచ్చు కూడా. అమ్మకి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, రన్నర్‌ని వెలుగుకి పట్టి, ఒక చివర నుంచి మూడు వరసల దాకా వేలితో తడిమింది. "ఇది ఇద్దరి చెయ్యే" అంది. ఎలా తెలుసమ్మా అంటే, "ఇక్కడిదాకా బిగువు. ఇక్కణ్ణించి వదులు. ఈ పిల్ల తొందరలో ఉంది, లేకపోతే కొత్తది" అంది. నేను కొలిచాను. నిజంగానే వదులుగా ఉన్న వైపు పువ్వు అంగుళంలో ఎనిమిదో వంతు పెద్దది. టేబుల్ మీద పరిస్తే కనబడదు, మనకి తెలుస్తుందంతే.

ఒక చోట అతుకు ఊడింది. అమ్మ తన పాత సూది తీసి పది నిమిషాల్లో సరిచేసింది. కుంకుడు రసంలో నానబెట్టి ఉతికితే అర అంగుళం కుదించుకుంది. తడి ఆరకముందే మందపాటి దుప్పటి మీద పరిచి చుట్టూ గుండుసూదులు గుచ్చి ఆరబెట్టండి, మళ్లీ సరిపోతుంది. వాషింగ్ మెషీన్లో మాత్రం వేయకండి.

ఇంతవరకూ అయితే నాలుగున్నర స్టార్లు ఇచ్చేసి ఊరుకునేదాన్ని. పెట్టెలో లేసుతో పాటు ఒక కార్డు పెట్టారు. మంచి దళసరి కాగితం, అంచుకి ఎండిన పువ్వు అతికించారు. దాని మీద ఉన్నది ఇది: "నరసాపురం హౌస్‌వైఫ్‌లు వంట ముగించి, పిల్లల్ని నిద్రపుచ్చి, తమ ఖాళీ సమయంలో ప్రేమతో అల్లిన కళ." కింద హ్యాష్‌ట్యాగులు: హోమ్లీ, ట్రాడ్‌వైఫ్, అమ్మమ్మకోర్ (అమ్మమ్మల కాలపు స్టైలు అని కాబోలు).

మా అక్క కూతురు భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతోంది, ఆదివారం వస్తే అడిగాను.

"ట్రాడ్‌వైఫ్ అంటే ఏంటే?"

"ట్రెడిషనల్ వైఫ్ పిన్నీ. పూలగౌను వేసుకుని ఇంట్లోనే రొట్టె కాల్చుకుంటూ, మొగుడు రాగానే నవ్వుతూ ఎదురొచ్చే టైపు. ఫారిన్‌లో పెద్ద ట్రెండు."

"ఆ వీడియోలు తీసి అప్‌లోడ్ చేసేది ఎవరు?"

"ఆవిడే."

"డబ్బులు?"

"వస్తాయి. ఒక్కోళ్లకి బాగానే వస్తాయి."

అంటే అదీ ఉద్యోగమే. ఉద్యోగం చేయని ఇల్లాలిలా కనబడే ఉద్యోగం. ఆవిడకి ఆ పేరు పెట్టుకుంటే డబ్బొస్తోంది. అదే పేరు మా వైపు ఆడవాళ్లకి తగిలిస్తే చేతికొచ్చే డబ్బు తగ్గుతోంది. కార్డుతో నా గొడవ ఇదే.

కార్డు అమ్మకి చదివి వినిపించాను. ఖాళీ సమయం అన్న చోట ఆపింది. "ఖాళీగా ఉంటే పడుకునేదాన్ని గానీ లేసెందుకు అల్లుతానే?" అంది. అమ్మ లెక్క చెప్పనా? తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి నీళ్లు పట్టి, గేదె పని చూసి, మాకు క్యారేజీలు కట్టేది. పదింటికి గుమ్మంలో వెలుతురు పడే చోట కూర్చుంటే మధ్యాహ్నం అన్నాల వేళ దాకా, మళ్లీ రెండు నుంచి దీపాల వేళ దాకా. చెయ్యి చెమటపడితే లేసు మాస్తుందని అల్లినంత మేరా పాతచీర ముక్కలో చుట్టుకునేది. ఆ ఎడమ చూపుడువేలి మీద దారం గీసిన గాడి ఇప్పటికీ ఉంది. ఏజెంటు సైకిల్ మీద వచ్చి దారం ఇచ్చేవాడు, వారం తర్వాత వచ్చి లేసు తీసుకునేవాడు. కూలి ఎంత దారం అల్లితే అంతకి. గంటలతో పనిలేదు. ఎప్పుడైనా అమ్మ రేటు అడిగితే, "ఊరికే ఇంట్లో కూర్చుని అల్లేదే కదమ్మా" అనేవాడు.

సరిగ్గా ఈ మాట మీదే ఒక విదేశీ ఆవిడ పుస్తకం రాసింది. డిగ్రీలో మా ఎకనామిక్స్ మేడమ్ చెప్తే నమ్మలేదు, మా నరసాపురం మీద ఇంగ్లీషు పుస్తకమా అని. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970లలో ఇక్కడికొచ్చి లేసు అల్లేవాళ్లతో మాట్లాడి, 1982లో అచ్చు వేయించింది. ఈ ఆడవాళ్లు ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేస్తున్నా అందరి దృష్టిలో గృహిణులే. ఘోషాలో (పరదా చాటున) ఉన్నాం, గడప దాటి కూలికి వెళ్లం అన్నది వాళ్లకీ గౌరవమే. కాబట్టి అది పని కాదు, తీరిక వేళ వ్యాపకం. వ్యాపకానికి కూలి ఎంతిచ్చినా ఎక్కువే. లాభం వ్యాపారం చేసే మగవాళ్లకి. ఆవిడ చెప్పినదాని సారం ఇదే. అమ్మకి చెప్తే, "ఇది చెప్పడానికి జర్మనీ నుంచి రావాలా?" అంది.

ఆ తర్వాత ఇన్నేళ్లు గడిచాయి. 2024లో నరసాపురం లేసుకి జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకే అనే ప్రభుత్వ గుర్తింపు కూడా వచ్చింది, పేపర్లో చూసి సంతోషించాం. కార్డు మీద ఆ విషయం లేదు, ఖాళీ సమయం మాత్రం ఉంది. ఎక్కడిదండీ ఖాళీ? జనం రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో లెక్కేయడానికి అదే 2024లో కేంద్రం చేసిన టైమ్ యూజ్ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారని, మగవాళ్లు 88 నిమిషాలని తేలింది. దాదాపు ఐదు గంటల ఇంటిపని అయ్యాక లేసు.

హౌస్‌వైఫ్ మాట బదులు హోమ్‌మేకర్ అనాలని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో కోర్టులవాళ్ల కోసం ఒక చేతిపుస్తకమే విడుదల చేసింది. మంచిదే, కాదనను. కానీ ఈ కార్డు మీద హోమ్‌మేకర్ అని దిద్దినా నా బాధ తీరదు. నాకు కావాల్సిన మాట లేసు పనివాళ్లు. లేసు కార్మికులు అన్నా సరే.

అదే పేజీలో నల్లదారంతో అల్లిన క్రాప్ టాప్ కూడా ఉంది, 2,400. పువ్వు చూశాను, రన్నర్ మీద ఉన్న ఎనిమిది రేకుల పువ్వే. దానికి ట్యాగులు వేరు: బోల్డ్, బాస్‌లేడీ. కింద మగవాళ్ల కామెంట్లు నేను ఇక్కడ రాయను. బల్ల మీద పరిస్తే సంప్రదాయం, ఒంటి మీద వేసుకుంటే బరితెగింపు. నా షాపులోనూ ఇదే చూస్తుంటాను. మొన్న ఒకావిడ ఒకే చీరకి రెండు జాకెట్లు కుట్టించుకుంది. అత్తారింట్లో వ్రతానికి మెడ పైకి, చేతులు మోచేతిదాకా. రీల్స్‌కి వీపు తాళ్లతో. "మొదటిదాంట్లో ఫొటో పెడితే ఆంటీ అంటున్నారు, రెండోదాంట్లో పెడితే ఇంకేదో అంటున్నారు, మధ్యలో మూడోది కుట్టగలరా?" అని నవ్వింది. ఆవిడ వయసు ఇరవై తొమ్మిది.

పేజీవాళ్లకి మర్యాదగానే మెసేజ్ పెట్టాను. లేసు బాగుందని ముందు చెప్పి, అల్లినవాళ్లు ఎవరు, ఎంతిచ్చారు, కార్డు మీద పనివాళ్లు అని మార్చగలరా అని అడిగాను. అమ్మ అంచనా ప్రకారం అది వంచిన నడుం ఎత్తకుండా నాలుగు రోజుల పని, చేతికి నాలుగొందలు దాటి వచ్చి ఉండదు. ఆ సంగతీ రాశాను. రెండో రోజు జవాబిచ్చారు, ఆ విషయంలో మెచ్చుకోవాలి. సరుకు ఒక వ్యాపారి దగ్గర కొంటారట, అల్లిందెవరో వాళ్లకి తెలియదట. తెలియకుండానే వంటయ్యాక అల్లారని, పిల్లలు నిద్రపోయాక అల్లారని రాసేశారు! పిల్లలున్నారో లేదో కూడా తెలియదు. "మేడమ్, హౌస్‌వైఫ్ స్టోరీకి కస్టమర్లు కనెక్ట్ అవుతారు. వర్కర్ అంటే ఫ్యాక్టరీ అనుకుంటారు" అన్నారు. వీడియోలో సూది తలకిందులుగా ఉందని కూడా చెప్పాను. దానికి నమస్కారం బొమ్మ పెట్టారు.

కొనాలా వద్దా అంటే, లేసుకి వంక పెట్టలేను, దూరాన ఉన్నవాళ్లు కొనుక్కోండి. దగ్గర్లో ఉంటే నరసాపురం వెళ్లి, వీలైతే అల్లేవాళ్ల చేతికే డబ్బిచ్చి తీసుకోండి. నా రన్నర్ అమ్మ టీవీ బల్ల మీదకి పోయింది, వదులుగా ఉన్న వైపు గోడకి పెట్టింది. కార్డు నా షాపులో కొలతల టేపు కింద ఉంది, వచ్చినవాళ్లందరికీ చదివి వినిపిస్తున్నాను.

అన్నట్టు, ఫీడ్‌బ్యాక్ ఇచ్చినందుకు నాకు పది శాతం తగ్గింపు కూపన్ కూడా పంపారు. కోడ్ హోమ్లీ10. డిసెంబరు దాకా పనిచేస్తుందట, ఎవరికైనా కావాలంటే వాడుకోండి.