నూపెప్ట్ పౌడర్ కొనేవాళ్ళు జాగ్రత్త, లేబుల్ ఒకటి లోపల ఇంకొకటి

నూపెప్ట్ (జ్ఞాపకశక్తి, ఫోకస్ కోసమని వాడే మందు) ఆన్‌లైన్‌లో తెప్పించుకుందాం అనుకునేవాళ్ళు ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి. మా ల్యాబ్‌లో ఎలకల మీద మెమరీ టెస్టుల కోసం కొన్నాం, లేబుల్ మీద నూపెప్ట్, ప్యూరిటీ 99 శాతం అని ఉంది, సీల్ కూడా బానే ఉంది, తీరా చూస్తే లోపల ఉన్నది పిరసెటమ్, అదే కోవలో వాడే ఇంకో మందు.

అనుమానం వచ్చింది నీళ్ళ దగ్గర. నూపెప్ట్ నీళ్ళలో ఓ పట్టాన కరగదు, కలిపేకొద్దీ తెల్లగా తేలుతూనే ఉంటుంది, అందుకే ముందు వేరే సాల్వెంట్‌లో కలుపుకుంటాం. ఇదేమో వేసీ వేయగానే పంచదారలా కరిగిపోయింది. సరే మెల్టింగ్ పాయింట్ చూద్దామంటే 100 డిగ్రీల దగ్గర్లోనే కరగాల్సిన పౌడర్ 150 దాకా కదల్లేదు. మాస్ స్పెక్ (మాలిక్యూల్ బరువు చెప్పే టెస్ట్) పెట్టించాం, నూపెప్ట్ మాలిక్యులర్ వెయిట్ 318, పిరసెటమ్‌ది 142, వచ్చింది 142 లెక్క. ఇంకేం మాట్లాడతాం.

అప్పుడు అమ్మినవాళ్ళు బాటిల్‌తో ఇచ్చిన టెస్ట్ సర్టిఫికెట్ మళ్ళీ తీశాం. వాళ్ళ దగ్గరే ఇంకో కెమికల్ ఉంది, దాని సర్టిఫికెట్ పక్కన పెట్టి చూస్తే హెచ్‌పీఎల్‌సీ (పౌడర్‌లో ఉన్నవాటిని విడగొట్టి కొలిచే టెస్ట్) గ్రాఫ్ అచ్చంగా అదే, పీక్ వచ్చిన టైమ్ రెండో దశాంశం దాకా ఒకటే, పైన పేరు మాత్రం మార్చారు. అసలు చాలామందికి తెలియనిది ఏంటంటే హెచ్‌పీఎల్‌సీ 99 శాతం అన్నది ఆ పౌడర్ ఎంత శుభ్రంగా ఉందో చెప్తుంది అంతే, ఆ పౌడర్ ఏంటో చెప్పదు, అది తెలియాలంటే ఎన్ఎమ్ఆర్ (మాలిక్యూల్ నిర్మాణం చూపించే టెస్ట్) గానీ మాస్ స్పెక్ గానీ ఉండాలి, అదీ మీ బాటిల్ మీదున్న బ్యాచ్ నంబర్‌తోనే. వాళ్ళ సర్టిఫికెట్‌లో ఆ రెండూ లేవు.

మెయిల్ పెడితే సీల్ తీసిన బాటిల్ వెనక్కి తీసుకోం, ఇది రీసెర్చ్ కోసం మాత్రమే అని ముందే రాశాం కదా అన్నారు. మేం చేసింది రీసెర్చే మహానుభావా!

మాకంటే పోయింది డబ్బూ టైమూ. ఇవే బాటిల్స్ ఫోకస్ పెరుగుతుందని నోట్లో వేసుకునేవాళ్ళు ఉన్నారు, నా భయం వాళ్ళ గురించే. రష్యాలో నూపెప్ట్ ట్యాబ్లెట్ 10 మిల్లీగ్రాములు, పిరసెటమ్ ట్యాబ్లెట్లేమో 800, 1200 ఉంటాయి. ఈ తారుమారు అటు నుంచి జరిగి పిరసెటమ్ లేబుల్ కింద నూపెప్ట్ వస్తే, గ్రాముల లెక్కన తీసుకునే మనిషి ఒక్కసారే వంద రెట్లు మింగేసినట్టు. పిరసెటమ్ కూడా అందరికీ పడేది కాదు, అది కిడ్నీల గుండానే బయటికి పోవాలి, రక్తం గడ్డకట్టడాన్ని కూడా తగ్గిస్తుంది, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు, బ్లడ్ థిన్నర్లు వాడేవాళ్ళు తెలియకుండా వేసుకుంటే ఏమవుతుందో ఆలోచించండి.

ఆల్రెడీ కొన్నవాళ్ళు బాటిల్ పారేయకండి, బ్యాచ్ నంబర్ ఫొటో తీసి పెట్టుకోండి, మీ సర్టిఫికెట్ గ్రాఫ్ కూడా ఇదేనేమో కావాలంటే నా దగ్గరున్న రెండు సర్టిఫికెట్లూ పంపిస్తా, పోల్చి చూసుకోండి.